బోన్సాయ్ ట్రే అడుగున కంకర వేస్తే నీరు దిగుతుందా?

ప్రశ్న: మాది కడియం దగ్గర నర్సరీ. జువ్వి, రావి, బోగన్‌విల్లా మొక్కలను రెండున్నర అంగుళాల లోతు ట్రేలలో బోన్సాయ్‌గా పెంచుతున్నాం. అడుగున అంగుళం మందాన కంకర పరిచి, పైన ఎర్రమట్టి, ఇసుక, పశువుల ఎరువు సమపాళ్లలో కలిపి నింపుతున్నాం. ముసురు పట్టిందంటే చాలు, ఆకులు పసుపుబారి రాలిపోతున్నాయి. మొక్క పీకి చూస్తే వేర్లు నల్లబడి వాసన వస్తున్నాయి. జపాన్ నుంచి వచ్చే అకడమా మట్టి వాడమని కొందరు చెబుతున్నారు. అంత ఖరీదు పెట్టాలా?
– ఒక నర్సరీ రైతు, తూర్పు గోదావరి జిల్లా

జవాబు: అకడమా కొనక్కర్లేదు. ముందు ఆ కంకర పొర తీసేయండి, మీ ఇబ్బందిలో సగం అక్కడే ఉంది.

కంకర వేస్తే నీరు త్వరగా దిగిపోతుందని చాలామంది అనుకుంటారు. జరిగేది వేరు. మెత్తటి మట్టి నీటిని పట్టుకుని ఉంటుంది, కింద ఉన్న పెద్ద ఖాళీల్లోకి అంత తేలిగ్గా వదలదు. దాంతో కంకర మీద ఆనుకున్న మట్టి పూర్తిగా తడిసి బురదలా నిలిచిపోతుంది. కంకర లేకపోతే ఆ బురద పొర ట్రే అడుగున ఉండేది, కంకర వేశాక అంగుళం పైకి జరిగింది, అంతే. రెండున్నర అంగుళాల ట్రేలో అంగుళం కంకరకే పోతే వేర్లకు మిగిలింది అంగుళంన్నర. మీ మట్టిలో ఆ అంగుళంన్నరా తడిగానే ఉంటుంది. వేరుకు గాలి ఆడదు, కుళ్లు తెగులు శిలీంధ్రాలకు కావలసింది కూడా అదే.

గిన్నెలు తోమే స్పాంజిని నీళ్లలో ముంచి అరచేతిలో బల్లపరుపుగా పట్టుకోండి. కాసేపు కారి ఆగిపోతుంది. ఇప్పుడు దాన్ని నిలువుగా తిప్పి పట్టుకోండి, మళ్లీ కారుతుంది. ఎత్తు పెరిగిన కొద్దీ నీరు దిగుతుంది, తగ్గిన కొద్దీ నిలుస్తుంది. పెద్ద కుండీలో బాగా పనిచేసిన మట్టి బోన్సాయ్ ట్రేలో పనికిరాకపోవడానికి కారణం ఇదే. ముసురు రోజుల్లో ట్రే ఒక పక్క కింద ఇటుక ముక్క పెట్టి ఏటవాలుగా ఉంచండి. నిలిచిన నీరు ఓ మూల నుంచి కారిపోతుంది. పైసా ఖర్చు లేని పని, ఈరోజే చేయండి.

ఇక మిశ్రమం సంగతి. ఏ పదార్థం వాడారన్న దానికన్నా గింజ సైజు ముఖ్యం. 2 మిల్లీమీటర్ల నుంచి 6 మిల్లీమీటర్ల దాకా, అంటే ఆవగింజ కన్నా కాస్త పెద్దది మొదలు శనగ గింజ దాకా ఉండాలి. 2 మిల్లీమీటర్ల జల్లెడలోంచి కిందికి పడిన పొడిని నిర్దాక్షిణ్యంగా పారేయండి. చాలామంది ఇక్కడే కక్కుర్తి పడతారు. ఆ పొడి గింజల మధ్య ఖాళీల్లో చేరిందంటే ఎంత మంచి సరుకైనా మట్టిముద్దే.

అకడమా గొప్పతనం కూడా ఇంతే. అది జపాన్‌లోని కాంటో ప్రాంతంలో తవ్వే అగ్నిపర్వత బూడిద మట్టి. ఎండబెట్టి, సైజుల వారీగా జల్లించి అమ్ముతారు. గింజ లోపల నీరు, గింజల మధ్య గాలి ఉంటాయి. కొన్నేళ్లకు అదీ చితికి మట్టవుతుంది. మనకు బాగా కాలిన ఇటుక, పాత పెంకు దాదాపు అదే పని చేస్తాయి. ఒక తేడా ఉంది: ఇటుక నీటిని పట్టుకున్నంతగా పోషకాలను పట్టుకోదు. ఆ లోటు ఎరువుతో తీర్చవచ్చు.

ఇటుక అంటే ఏదో ఒక ఇటుక కాదు. సరిగా కాలనిది ఆరు నెలల్లో బురదవుతుంది. ముక్కల్ని రాత్రంతా నీళ్లలో నానబెట్టి పొద్దున్నే వేళ్లతో నలపండి. నలిగితే వద్దు. కూల్చిన గోడల ఇటుకలకు సిమెంటు, సున్నం అంటుకుని ఉంటాయి. అవి మిశ్రమం ఉదజని సూచికను (pH) పెంచి, ఇనుము అందక లేత ఆకులు పాలిపోయేలా చేస్తాయి. గీకి శుభ్రం చేయలేకపోతే వాటి జోలికి పోవద్దు.

జువ్వి, రావికి ఇటుక ముక్కలు 5 పాళ్లు, కడిగిన ముతక ఇసుక లేదా సన్న గ్రానైట్ చిప్స్ 3 పాళ్లు, కొబ్బరి పొట్టు, వర్మీకంపోస్టు చెరో పాలు కలపండి. బోగన్‌విల్లాకు కొబ్బరి పొట్టు మానేసి ఇటుక 6 పాళ్లు చేయండి. ఎడీనియం ఉంటే దానికీ ఇదే. కొబ్బరి పొట్టులో ఉప్పు ఉంటుంది కాబట్టి రెండు మూడు సార్లు మంచినీటిలో నానబెట్టి పిండాలి. సముద్రపు ఇసుక, ఉప్పుటేరు ఇసుక అస్సలు వాడొద్దు. మార్కెట్లో దొరికే గుండ్రటి మట్టి బంతులు లోతు తక్కువ ట్రేలకు మరీ పెద్దవి.

మిశ్రమం సరిగా కుదిరిందో లేదో చూడటానికి ట్రే రంధ్రాలు టేపుతో మూసి, లీటరు మిశ్రమం నింపి, నీరు పైకి తేలేదాకా పోసి కాసేపు నాననివ్వండి. తర్వాత టేపు తీసి కారిన నీటిని కొలవండి. 200 నుంచి 300 మిల్లీలీటర్లు వస్తే వేరుకు చాలినంత గాలి ఉన్నట్టు. 100 కూడా రాకపోతే మళ్లీ జల్లించాల్సిందే. ట్రే రంధ్రాల మీద కంకరకు బదులు ప్లాస్టిక్ మెష్ ముక్క చాలు.

ఇప్పటికే కుళ్లు పట్టిన మొక్కల్ని ఆలస్యం చేయకుండా తీయండి. నల్లబడ్డ వేర్లను తెల్లటి కణజాలం కనిపించేదాకా కత్తిరించి, కొత్త మిశ్రమంలో నాటి, లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ (శిలీంధ్రనాశిని) కలిపి వేర్లు తడిసేలా పోయండి. రెండు మూడు వారాలు నీడలో, వాన పడని చోట ఉంచండి. కొత్త చిగురు వచ్చేదాకా ఎరువు వేయొద్దు. బాగున్న జువ్వి, రావిని ఈ వానాకాలంలోనే మార్చుకోవచ్చు. బోగన్‌విల్లా కుళ్లు పట్టకపోతే ఫిబ్రవరి దాకా ఆగండి, అప్పటిదాకా పైన పాలిథిన్ కప్పు చాలు.

చిగురు వచ్చాక 15 రోజులకోసారి నత్రజని, భాస్వరం, పొటాష్ సమంగా ఉండే 19:19:19 ఎరువును లీటరు నీటికి 1 గ్రాము కలిపి ఇవ్వండి. ఈ మిశ్రమం త్వరగా ఆరుతుంది. ఏప్రిల్, మే నెలల్లో రోజుకు రెండుసార్లు నీరు పోయాలి, 50 శాతం షేడ్‌నెట్ కూడా కావాలి. మీ దగ్గర కొనుక్కెళ్లే వాళ్లకు ఈ మాట తప్పకుండా చెప్పి పంపండి. లేకపోతే మామూలు మట్టి నింపిన ట్రేకు పోసినట్టు రెండు రోజులకోసారి పోసి మొక్కను ఎండబెడతారు.