స్కేటింగ్ లెక్కతో డ్రమ్ కోర్‌ని చూడొద్దు

అక్కా, స్కేటింగ్ నుంచి డ్రమ్ కోర్‌కి, అంటే నడుస్తూ డ్రమ్ములు, బాకాలు వాయించే బ్యాండ్‌కి మారిన పాప, అడుగు తప్పితే ఎన్ని మార్కులు పోతాయోనని టెన్షన్ పడుతోందన్నారు కదా. ఐస్ మీద ప్రతి జంప్‌కీ విడిగా పాయింట్లుంటాయి, వాటిపైన జడ్జీలు -5 నుంచి +5 దాకా వేస్తారు, పడితే మళ్ళీ కోత. మీ బ్యాండ్ మాస్టర్ అనుసరించే అమెరికా డీసీఐ (డ్రమ్ కోర్ పోటీలు నడిపే సంస్థ) పద్ధతిలో 100కి జనరల్ ఎఫెక్టే, అంటే ప్రదర్శన మొత్తంగా కలిగించే ప్రభావమే 40, విజువల్, అంటే కంటికి కనిపించే కదలికలు 30, మ్యూజిక్ 30. తప్పుకొక టిక్ కొట్టి మార్కు కోసే పద్ధతి అక్కడా ఉండేది, ఎప్పుడో తీసేశారు. పాపకి ఒంటరిగా చేయడం బాగా వచ్చు, పక్కవాళ్ళతో అడుగు కలవడమే కొత్త. మా ఫ్లాట్‌లో హాలు నేల మీద 22.5 అంగుళాలకో టేపు ముక్క అంటించాం, 5 గజాల దూరాన్ని 8 అంగల్లో దాటాలన్న లెక్క అది. మా వాడు మెట్రోనోమ్ (తాళం టక్ టక్‌మని కొట్టే పరికరం) పెట్టుకుని ముందు ఉత్త అడుగులే వేస్తాడు, తర్వాతే డ్రమ్ పుల్లలు పట్టుకుంటాడు. పాపతోనూ అలాగే చేయించండి.