ఇంగ్లీషు వ్యాసం రాసే విద్యార్థికి

చిరంజీవికి ఆశీస్సులు.

నీవు పంపిన ఇంగ్లీషు వ్యాసం రెండుసార్లు చదివాను. చెప్పదలచిన విషయం నీ దగ్గర పుష్కలంగా ఉంది. దానికి అడ్డుపడుతున్నది పదాల కొరత కాదు, ఏ వాక్యం ఎక్కడ ముగుస్తుందో తేల్చుకోకపోవడం. అందుకే ప్రధానంగా ఆ ఒక్క సంగతే రాస్తున్నాను.

తెలుగులో "ఇంటికి వచ్చి, పుస్తకం తీసి, పాఠం చదివాడు" అన్నప్పుడు వచ్చి, తీసి అనేవి అసమాపక క్రియలు. చివరనున్న సమాపక క్రియే వాక్యాన్ని ముగిస్తుంది, కర్తను విడిగా చెప్పకపోయినా అర్థానికి లోటు రాదు. ఆ అలవాటుతోనే నీవు "ది రెయిన్ స్టాప్డ్, వి వెంట్ అవుట్" అని రాశావు. "స్టాప్డ్", "వెంట్" రెండూ సమాపక క్రియలే, రెండింటికీ వేర్వేరు కర్తలున్నాయి, కాబట్టి అవి రెండు పూర్తి వాక్యాలు. వాటిని కలిపి ఉంచే బలం ఒక్క కామాకు లేదు. మధ్యలో ఫుల్‌స్టాప్ పెట్టు, లేదా కామా తరువాత "అండ్" చేర్చు. మొదట్లో "వెన్" పెడితే తొలి భాగం రెండోదానిపై ఆధారపడుతుంది, అప్పుడు అదే కామా సరిపోతుంది. నాకు ఈ మూడోదే ఇష్టం, ఎందుకంటే రెండు సంఘటనల మధ్య సంబంధాన్ని అది చెబుతుంది. ఊపిరి తీసుకునే చోటల్లా కామా పెట్టమని కొందరు చెబుతారు, నేను ఒప్పుకోను. ఊపిరి మనిషికొక తీరు, వాక్య నిర్మాణం అలా మారదు.

దీనికి ఎదురు పొరపాటు కూడా ఉంది. "అతను డాక్టరు" అన్న తెలుగు వాక్యంలో క్రియ లేదు, అవసరమూ లేదు. ఇంగ్లీషులో "ఈజ్" లేకపోతే అది వాక్యమే కాదు. "ఇట్ ఈజ్ రెయినింగ్" అన్నప్పుడు ఆ "ఇట్" దేనినీ సూచించదు, కర్త ఉండవలసిన చోటును నింపుతుంది, అంతే. ఈ సంగతి అర్థమయ్యాకే ఇంగ్లీషు వాక్యం నాకు పట్టుబడింది.

కాబట్టి చిత్తుప్రతి పూర్తికాగానే పెన్సిలు తీసుకుని ప్రతి వాక్యంలో కర్త కింద ఒక గీత, క్రియ కింద రెండు గీతలు గీయి. కర్త "షి" అయి, వర్తమాన కాలంలో "గో" అని రాసి ఉంటే, అది "గోస్" కావాలని అప్పుడే కంటబడుతుంది.

మిగతావి చిన్నవి. "ఎ", "యాన్" ఎంపిక అక్షరాన్ని బట్టి కాదు, పలుకును బట్టి: యాన్ అవర్, ఎ యూనివర్సిటీ. అపాస్ట్రఫీతో రాసిన "ఇట్స్"ను "ఇట్ ఈజ్" అనిగానీ "ఇట్ హ్యాజ్" అనిగానీ విడదీసి చదువు. అర్థం కుదరకపోతే ఆ గుర్తు తీసేయి.

ముందుగా రెండో పేరాకు గీతలు గీసి పంపు. అందులో నాలుగో వాక్యానికి కర్త లేదు. దాన్ని చేర్చి, ఆ వాక్యం మళ్ళీ రాయి.