300 హెచ్‌పీ సరే, మూడు కిస్తీలు చేతిలో ఉన్నాయా?

సాలూరు నుంచి ఒక లారీ యజమాని రాశారు. వయసు 41. సొంత 4018 ట్రెయిలర్ (40 టన్నులు, 180 హెచ్‌పీ) ఉంది, దాని అప్పు తీరిపోయింది. విశాఖ పోర్టు నుంచి రాయ్‌పూర్ వైపు లోడు వేస్తారు. ఖర్చులన్నీ పోను నెలకు సగటున 60 వేలు మిగులుతోంది, ఇంటికి 35 వేలు అవుతోంది. దారిలో సుంకి ఘాట్ కొండ మీదికి బండి మరీ నెమ్మదిగా ఎక్కుతోందని 5530 (55 టన్నులు, 300 హెచ్‌పీ) తీసుకోవాలనుకుంటున్నారు. ట్రాలీతో కలిపి కొటేషన్ 50 లక్షలు. 40 లక్షలు ఫైనాన్సు, అయిదేళ్లు, 11 శాతం. మిగతా 10 లక్షల్లో పాత బండి అమ్మితే 4 లక్షలు, ఇంట్లో బంగారం మీద 3 లక్షలు, తెలిసినవాళ్ల దగ్గర నూటికి 2 రూపాయల వడ్డీకి 3 లక్షలు. బ్యాంకులో ఉన్న 2 లక్షలు రిజిస్ట్రేషన్‌కి, ఇన్సూరెన్సుకి. ఆయన అడిగింది ఒక్కటే: ‘300 హెచ్‌పీ తీసుకోవాలా, 250 చాలా? అసలు చూడాల్సింది హెచ్‌పీనా, టార్కా?’

మీ ఉత్తరాన్ని ఎంచుకోవడానికి కారణం ఉంది. నా దగ్గరికి వచ్చే లారీ యజమానుల్లో ఎక్కువమంది ఇంజన్ గురించి గంటసేపు మాట్లాడతారు. బండి నెల రోజులు ఆగితే కిస్తీ ఎక్కడి నుంచి కడతారని అడిగితే మాత్రం జవాబు ఉండదు. మీ నాలుగు పేజీల్లో కూడా ఆ మాట ఎక్కడా లేదు.

ముందు మీరు అడిగిందానికే జవాబు చెబుతాను. హెచ్‌పీ, టార్క్ రెండూ విడివిడి బలాలు కావు. టార్క్ అంటే ఇంజన్ తిప్పే బలం, దాన్ని ఎన్ఎంలలో కొలుస్తారు. ఆర్‌పీఎం అంటే ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు. టార్క్‌ని ఆర్‌పీఎంతో గుణించి 7024తో భాగిస్తే వచ్చేదే హెచ్‌పీ. మీరు పంపిన బ్రోచర్‌లో 1100 ఎన్ఎం టార్క్ 1100 నుంచి 1700 ఆర్‌పీఎం మధ్య అని, 300 హెచ్‌పీ 2300 ఆర్‌పీఎం దగ్గర అని ఉంది. డీజిల్ కలిసిరావాలంటే మీటరులో పచ్చ రంగు దాటకుండా, 1400 దగ్గర నడుపుతారు. అక్కడ లెక్క వేయండి: 1100 ఇంటూ 1400, బై 7024. వచ్చేది 219. అంటే రోజులో ఎక్కువసేపు మీ కాలి కింద ఉండేది 300 కాదు, 219 హెచ్‌పీ. 1700 దాకా లాగితే 266. మొత్తం 300 కావాలంటే ఇంజన్‌ని 2300కి తిప్పాలి, అక్కడ టార్క్ 916కి పడిపోతుంది, డీజిల్ ఎక్కువ తాగుతుంది.

టార్క్ కింది ఆర్‌పీఎంలోనే అందితే గేర్లు తక్కువ మార్చాలి, క్లచ్ ఎక్కువ కాలం వస్తుంది, డ్రైవరుకు ఒళ్లు నొప్పులు తగ్గుతాయి. అది మంచిదే. కానీ ఎంత వేగంతో ఎక్కుతారన్నది హెచ్‌పీని బరువుతో భాగించి చూడాల్సిన లెక్క. బండి పేరులోనే ఆ రెండూ ఉన్నాయి. 4018 అంటే 40 టన్నులకు 180 హెచ్‌పీ, టన్నుకు నాలుగున్నర. 5530 అంటే 55 టన్నులకు 300, టన్నుకు అయిదున్నర లోపే. నిండు లోడుతో 5 శాతం ఎత్తు, అంటే వంద మీటర్లకు 5 మీటర్లు లేచే దారి ఎక్కుతున్నారనుకోండి. టైర్ల రాపిడి కలుపుకొని, గేర్లలో పోయే పదో వంతు తీసేసి లెక్కకట్టాను. ఇంజన్లను పూర్తిగా తిప్పినా పాత బండి గంటకు 19 కిలోమీటర్లు, కొత్తది 23. అదే 55 టన్నులకు 250 హెచ్‌పీ అయితే 19కి కొంచెం పైన. పది కిలోమీటర్ల ఎక్కుడులో 300కి, 250కి తేడా అయిదు నిమిషాలు. ఆ అయిదు నిమిషాల కోసం ఎక్కువ ధర పెట్టకండి. 250 చాలు. పెద్ద బండితో నిజంగా కలిసొచ్చేది అదనంగా ఎక్కే లోడు. అదీ లోడు దొరికిన రోజునే. షోరూమ్‌లో ఘాట్ దిగేటప్పుడు పట్టే ఇంజన్ బ్రేక్ గురించి కూడా అడగండి, 55 టన్నులతో సాలూరు వైపు దిగేటప్పుడు ప్రాణం కాపాడేది అదే.

ఇప్పుడు డబ్బు సంగతి. 40 లక్షలకు కిస్తీ 87 వేలు. చేబదులు వడ్డీ 6 వేలు, బంగారం మీద సుమారు 3 వేలు. అంటే బండి కదిలినా కదలకపోయినా నెలకు 96 వేలు కట్టాలి. ఆరు ట్రిప్పులు తిరిగితే డీజిల్, టోల్, డ్రైవరు బత్తా పోను 1,55,000 మిగులుతుందని రాశారు. ఆ లెక్కన ఇంటికి 59 వేలు వస్తాయి, ఇప్పుడు వచ్చేదానికి దాదాపు సమానం.

కానీ ఆరు ట్రిప్పులు మీ బండికి వచ్చిన అన్నిటికన్నా మంచి నెల. బ్రోచర్‌లో 300 హెచ్‌పీ 2300 దగ్గర ఉన్నట్టే ఇదీ. మీరు పంపిన ఖర్చుల పుస్తకంలోనే చూడండి: జులై నుంచి సెప్టెంబరు దాకా నెలకు మూడు ట్రిప్పులు దాటలేదు. వానలు, తిరుగు లోడు దొరక్కపోవడం, డ్రైవరు ఊరెళ్లి రాకపోవడం. మూడు ట్రిప్పులకు 77,500 వస్తే 18,500 లోటు. ఇంటి ఖర్చు కలిపితే నెలకు 53,500. మూడు నెలలకు 1,60,000 పైనే. అప్పటికి మీ 2 లక్షలు రిజిస్ట్రేషన్‌లో పోయాయి, బంగారం తాకట్టులో ఉంది. ఇక మిగిలేది మళ్లీ నూటికి రెండు, ఈసారి మూడు కూడా అడుగుతారు.

ఆ చేబదులు మాత్రం వద్దు. నూటికి 2 రూపాయలంటే ఏడాదికి 24 శాతం. ఫైనాన్సు కంపెనీ తీసుకునేదానికి రెట్టింపు కంటే ఎక్కువ. తెలిసినవాళ్లు కదా అని మొహమాటంతో తీసుకున్నవాళ్లు ముందు వాళ్లకి కట్టి, కిస్తీ ఆపేస్తారు. 90 రోజులు దాటితే ఖాతా మొండి బాకీ అవుతుంది, బండిని లాక్కుపోతారు. ఇది నేను చాలా ఇళ్లలో చూశాను, మీ ఇంట్లో చూడదలచుకోలేదు.

ఈ బండికే అయితే మీ దగ్గర విడిగా ఉండాల్సిన డబ్బు ఇదీ: మూడు కిస్తీలు 2 లక్షల 61 వేలు, మూడు నెలల ఇంటి ఖర్చు 1 లక్షా 5 వేలు, టైర్లకు, ఒక పెద్ద రిపేరుకు లక్ష. దాదాపు 4 లక్షల 70 వేలు. డౌన్ పేమెంట్‌కి దీన్ని ముట్టుకోకూడదు. ఇవాళ మీ దగ్గర 2 లక్షలు ఉన్నాయి. అప్పులేని పాత బండి మీద ఇంటి ఖర్చు పోను నెలకు 25 వేలు మిగులుతోంది. ఈ డబ్బు కూడడానికి 11 నెలలు ఓపిక పడితే చాలు.

ఇన్సూరెన్సు ఉంది కదా అంటారేమో. ప్రమాదం జరిగితే కంపెనీ రిపేరుకు డబ్బిస్తుంది, షెడ్డులో బండి నిలబడ్డ నలభై రోజుల కిస్తీ ఇవ్వదు. అయినా పాలసీలో లోటు ఉండకూడదు. 2022 జూన్ రేట్ల ప్రకారం 40 టన్నులు దాటిన సరుకు బండికి థర్డ్ పార్టీ ప్రీమియమే ఏడాదికి 44,242 రూపాయలు, మీ బండికి జరిగే నష్టానికి కట్టే ఓన్ డ్యామేజీ ప్రీమియం దానికి అదనం. దాన్ని నెలనెలా పక్కన పెట్టుకోండి. టైర్లు, లైట్లు, బంపర్లకు వర్తించే ఐఎంటీ 23 అనే అదనపు కవర్ తీసేసి ప్రీమియం తగ్గించామంటే ఒప్పుకోవద్దు. డ్రైవరు, క్లీనరు ఇద్దరికీ కవర్ ఉండాలి. పాలసీలో ఓనర్ డ్రైవర్‌కి ఇచ్చే 15 లక్షల కవర్ ప్రమాదానికే పనికొస్తుంది, జబ్బుకు రాదు. 40 లక్షల అప్పు తలమీద ఉండగా మీ పేరున కనీసం 75 లక్షల టర్మ్ పాలసీ లేకుండా సంతకం పెట్టకండి.

నాలుగేళ్లు తిరిగిన 250 హెచ్‌పీ బండిని తక్కువ అప్పుతో కొనడం కూడా ఆలోచించవచ్చు, ఇంజన్‌ని నమ్మకమైన మెకానిక్‌కి చూపించి.

బంగారం ఇంట్లోనే ఉండనివ్వండి. రేపే వేరే ఖాతా ఒకటి తెరిచి ఆ 2 లక్షలు అందులో వేయండి, ప్రతి నెలా 25 వేలు అందులోకే. వచ్చే వానాకాలంలో కూడా ఆ ఖాతాను ముట్టుకోకుండా గడిపితే, పాసు పుస్తకం నకలు నాకు పంపండి. కిస్తీ ఎంతవరకు మోయగలరో అప్పుడు కూర్చుని లెక్క వేద్దాం.