అన్ని పియానోలూ ఒకేలా ఉన్నాయి, ఏది కొనమంటారు?

ప్రశ్న: మా అమ్మాయికి 15 ఏళ్ళు. ఏడేళ్ళుగా పియానో నేర్చుకుంటోంది. ఇంట్లో ఇన్నాళ్ళూ డిజిటల్ పియానో మీదే సాధన చేసింది. మూడేళ్ళ తర్వాత మ్యూజిక్ డిగ్రీ ఆడిషన్లకు వెళ్తానంటోంది. ఇక తీగల పియానో కొనాల్సిందేనని టీచర్ కూడా చెప్పారు. మా బడ్జెట్‌కు యమహా బీ2, కవాయి కే-200 అందుతున్నాయి. కొంత అప్పు చేస్తే యమహా బీ3 కొనొచ్చు. ఇవి కాక, ఎవరో వాడిన పాత యమహా యూ1 ఒకటి బీ2 ధరకే వస్తోంది. మా కంటికి అన్నీ ఒకేలా కనిపిస్తున్నాయి. మళ్ళీ మళ్ళీ కొనే స్తోమత లేదు. తెలియక ఏదో ఒకటి కొనేసి తన కెరీర్‌కి మేమే అడ్డం పడతామేమోనని టెన్షన్‌గా ఉంది. ఏది కొనమంటారు?

జవాబు: అమ్మా, ముందు మీ భయం సంగతి చెప్తాను. బీ2 కొన్నా, కే-200 కొన్నా మీ అమ్మాయి కెరీర్‌కి ఏ అడ్డమూ రాదు. ఈ రెండింటి మధ్య ఉన్న తేడా కంటే, శ్రుతి చేసిన పియానోకీ ఆర్నెల్లుగా శ్రుతి చేయని పియానోకీ మధ్య ఉండే తేడా చాలా పెద్దది. ఒకే మోడల్‌లో పక్కపక్కన పెట్టిన రెండు పియానోలు కూడా అచ్చం ఒకేలా పలకవు. అందుకే మోడల్ పేర్లు పట్టుకుని రాత్రుళ్ళు నిద్ర పాడుచేసుకోకండి. షాపులో మీ ముందున్న ఆ ఒక్క పియానో ఎలా ఉందో చూడండి.

అయితే ఒక్క కొలత మాత్రం తప్పకుండా పట్టించుకోవాలి. అది ఎత్తు. బీ2 ఎత్తు 113 సెంటీమీటర్లు, కే-200 ఎత్తు 114. ఆ ఒక్క సెంటీమీటరు గురించి ఆలోచించడం దండగ. బీ3, యూ1 రెండూ 121. ఈ ఎనిమిది సెంటీమీటర్ల గురించి మాత్రం ఆలోచించాలి. మీరు చూస్తున్నవన్నీ నిలువు పియానోలే. వీటిలో తీగలు పైనుంచి కిందికి, మంద్రంలోవి ఏటవాలుగా ఉంటాయి. ఎత్తు తగ్గితే మంద్ర స్థాయి తీగలు పొట్టివవుతాయి. పొట్టి తీగతో అంత కింది స్వరం పలికించాలంటే దాన్ని లావు చేయాలి, అందుకే వాటికి రాగి చుడతారు. లావుగా, బిరుసుగా ఉన్న తీగలో అసలు స్వరంతో పాటు పుట్టే ఉపస్వరాలు ఉండాల్సిన చోటు కంటే కాస్త పైకి జరుగుతాయి. చెవికి అది మసకగా, బురదగా వినిపిస్తుంది. వెనకున్న సౌండ్‌బోర్డ్ (తీగల శబ్దాన్ని పెద్దది చేసే చెక్క పలక) విస్తీర్ణం కూడా ఎత్తుతో పాటే పెరుగుతుంది.

ఆడిషన్‌లో మామూలుగా ఒక ఫ్యూగ్ (ఒకే బాణీని పలు గొంతులు ఒకదాని వెంట ఒకటి అందుకునే రచన), ఒక క్లాసికల్ సొనాటా (పలు భాగాల పెద్ద రచన), ఒక ఎట్యూడ్ (చేతి నైపుణ్యం కోసం రాసిన రచన) లాంటివి అడుగుతారు. ఫ్యూగ్‌లో ఎడమ చేతిది కూడా ఒక గొంతే. దాన్ని విడిగా వినిపించడం నేర్చుకోవాలంటే ముందు మీ అమ్మాయికి అది విడిగా వినబడాలి. కాబట్టి ఎత్తైన పియానో కొనగలిగితే మంచిదే. కొనలేకపోతే 113లోనూ నేర్చుకోవచ్చు, చెవిని ఇంకొంచెం కష్టపెట్టాలి, అంతే. బీ3 కోసం అప్పు చేయాలా వద్దా అన్నది డబ్బు లెక్క దగ్గర చెప్తాను.

ఇప్పుడు షాపులో ఏం చేయాలో చూద్దాం. ఇక్కడే చాలామంది తల్లిదండ్రులు పొరపాటు పడతారు. పిల్లలు వెళ్ళగానే తమకు బాగా వచ్చిన హోరెత్తించే పీస్ ఒకటి వాయిస్తారు. హాలంతా మోగుతుంది, అందరికీ సంతోషమవుతుంది. గట్టిగా కొడితే ఏ పియానో అయినా మోగుతుంది. పియానో అసలు రంగు మెల్లగా వాయించినప్పుడే బయటపడుతుంది.

మీ అమ్మాయిని మధ్యలో ఏదైనా ఒక కీ మీద వేలు పెట్టి, వీలైనంత మెల్లగా, వినబడీ వినబడనంత మెత్తగా పదిసార్లు నొక్కమనండి. కీ సుమారు 10 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. ఆ కొద్ది దూరంలోనే హామర్, అంటే తీగను కొట్టే చిన్న సుత్తి, కదిలి, తీగను తాకి, వెనక్కి రావాలి. పదిసార్లలో ఎన్నిసార్లు స్వరం పలికింది? మూడుసార్లు మూగపోయిందంటే ఆ పియానోకి సర్దుబాటు సరిగా చేయలేదని అర్థం. తర్వాత అదే మెత్తదనంతో నల్లవీ తెల్లవీ అన్ని కీస్ వరసగా, కింది నుంచి పైదాకా, తొందర లేకుండా వాయించమనండి. మధ్యలో ఒక స్వరం ఉలిక్కిపడినట్టు గట్టిగా వచ్చినా, ఒకటి డొల్లగా వినిపించినా కాగితం మీద రాసుకోండి. రాగి చుట్టిన తీగలు అయిపోయి మామూలు తీగలు మొదలయ్యే చోట ప్రత్యేకంగా వినండి. పొట్టి పియానోల్లో అక్కడ గొంతు మారినట్టు తెలిసిపోతుంది. ఆ తర్వాత ఎడమ చేత్తో బాగా కింద ఉన్న సీ (C), ఈ (E) స్వరాలను కలిపి నొక్కి, రెండు స్వరాలూ విడివిడిగా వినబడుతున్నాయో లేదో చూడమనండి. ఇదే పని పక్క పియానో మీద కూడా చేయాలి. రెండూ ఆ మధ్యే శ్రుతి చేసినవి అయితేనే ఈ పోలికకు విలువ. షాపువాళ్ళను ముందురోజే అడగండి, మొహమాటపడకండి.

యమహా శబ్దం మెరుస్తుందని, కవాయి శబ్దం మెత్తగా ఉంటుందని చాలామంది అంటారు. అందులో కొంత నిజం ఉంది. కానీ హామర్ల మీది ఫెల్ట్‌ను సూదులతో గుచ్చి ఆ మెరుపును తగ్గించడం టెక్నీషియన్‌కు వచ్చిన పనే. గచ్చు నేల, ఖాళీ గోడలు ఉన్న గదిలో మెత్తటి పియానో కూడా పదునుగా వినిపిస్తుంది. శబ్దాన్ని తర్వాత కొంతవరకు మార్చుకోవచ్చు కాబట్టి, చేతికి తగిలే స్పర్శకే ఎక్కువ మార్కులు వేయమంటాను. కవాయి యాక్షన్‌లో (కీ నొక్కితే హామర్‌ను కదిలించే యంత్రాంగంలో) చాలా భాగాలు చెక్కకు బదులు కార్బన్ ఫైబర్ కలిపిన ఏబీఎస్ ప్లాస్టిక్‌తో చేస్తారు. ప్లాస్టిక్ అనగానే నాసిరకం అనుకోకండి. చెక్క తేమకు ఉబ్బుతుంది, ఆ భాగాలు ఉబ్బవు. యమహా యాక్షన్ చెక్కది, దశాబ్దాలుగా నిలబడింది. రెండింటి మీదా అరగంట చొప్పున వాయించాక ఏ పియానో దగ్గర మీ అమ్మాయి మణికట్టు వదులుగా ఉందో గమనించండి. అది టీచర్‌కు కూడా కనిపిస్తుంది, వీలైతే ఆమెను వెంట తీసుకెళ్ళండి. మూత మెల్లగా దిగే ఏర్పాటు, పాలిష్ రంగు, స్టూలు ఉచితం లాంటివి ఇప్పుడు పట్టించుకోకండి.

ఇక పాత యూ1. మంచిది దొరికితే మీ నాలుగు పియానోల్లో నేను దానికే ఓటు వేస్తాను. ఎత్తూ ఉంది, పనితనమూ ఉంది. కానీ 'మంచిది' అన్న మాటను మీరూ నేనూ తేల్చలేం. నేను సలహా ఇచ్చిన ఒక కుటుంబం అద్దంలా మెరిసే పాత పియానో కొనేసి, తర్వాత నాకు చెప్పింది. శ్రుతి చేయించిన మూడు వారాలకే తప్పేది. మళ్ళీ చేయించారు, మళ్ళీ తప్పింది. చివరికి తెలిసిందేమిటంటే, తీగలను బిగించే పిన్నులు దిగే పిన్‌బ్లాక్ చెక్కే వదులైపోయింది. బాగు చేయించాలంటే పియానో కొన్నంత ఖర్చు. ఆ అబ్బాయికి చెవి చాలా చురుకైనది. తప్పిన శ్రుతి వినలేక సాధనే తగ్గించేశాడు. ఆ సంగతి ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది. ఎందుకంటే కొనేముందు ఒక ట్యూనర్‌ని, అంటే పియానోలు శ్రుతి చేసే మనిషిని, గంటసేపు తీసుకెళ్ళి ఉంటే సరిపోయేది.

కాబట్టి అమ్మేవాళ్ళతో సంబంధం లేని ట్యూనర్‌కి ఫీజు ఇచ్చి తీసుకెళ్ళండి. పియానోలో మొత్తం తీగల లాగుడు 15 నుంచి 20 టన్నుల దాకా ఉంటుంది. అంత బరువును ఏళ్ళ తరబడి మోసిన చెక్కలో, ఇనుప ఫ్రేములో ఏం జరిగిందో చూడగలిగేది ఆయనే. పిన్నులు ఎంత బిగువుగా ఉన్నాయి, సౌండ్‌బోర్డ్‌లో, తీగల కంపనాన్ని దానికి అందించే బ్రిడ్జిలో పగుళ్ళున్నాయా, హామర్ల మీద తీగల గాట్లు ఎంత లోతు పడ్డాయి, తీగలకు తుప్పు ఉందా అని అడగండి. సీరియల్ నంబర్‌ని బట్టి అది ఏ సంవత్సరంలో తయారైందో తెలుస్తుంది, అమ్మేవాళ్ళు చెప్పిన ఏడాదితో సరిచూడండి. ఆయన్ని తీసుకెళ్ళేముందు మీరే చేయగల పరీక్ష ఒకటుంది. ఫోన్‌లో ట్యూనర్ యాప్ పెట్టుకుని మధ్య సీ (C)కి పైనున్న 'ఏ' (A) స్వరం నొక్కండి. 440 హెర్ట్జ్ దగ్గర ఉండాలి. 415 దగ్గర ఉంటే అర స్వరం దిగిపోయిందన్నమాట. అంటే ఏళ్ళుగా ఎవరూ పట్టించుకోలేదు. ఒక్కసారిగా పైకి లాగితే పాత తీగలు తెగే ప్రమాదం కూడా ఉంది. ట్యూనర్ సందేహిస్తే ఆ పియానో వదిలేయండి, ధర ఎంత తగ్గించినా సరే.

డబ్బు దగ్గరికి వద్దాం. మీరు కెరీర్ సలహా అడిగారు కాబట్టి దీని మీదే ఎక్కువసేపు మాట్లాడాలి. మీ బడ్జెట్ మొత్తాన్ని పియానోకే పెట్టకండి. ఏడాదికి కనీసం రెండుసార్లు శ్రుతి చేయించాలి. కొత్త తీగలు సాగుతాయి కాబట్టి కొత్త పియానోకి మొదటి ఏడాది ఇంకా ఎక్కువసార్లే కావాలి. మూడేళ్ళ ట్యూనింగ్ ఖర్చు ఇప్పుడే లెక్కగట్టి పక్కన పెట్టండి. అది పియానో ధరలో భాగమే.

రెండోది, గ్రాండ్ పియానో (తీగలు అడ్డంగా పరిచి ఉండే పెద్ద పియానో) మీద సాధన గంటలు. ఆడిషన్ గదిలో ఉండేది దాదాపు ఎప్పుడూ గ్రాండే. నిలువు పియానోలో హామర్ అడ్డంగా వెళ్ళి తీగను కొడుతుంది, స్ప్రింగు సాయంతో వెనక్కి వస్తుంది. గ్రాండ్‌లో పైకి లేచి కొట్టి, తన బరువుతో తనే కిందికి పడుతుంది. పియానో తయారీదారు సెబాస్టియన్ ఎరార్ రూపొందించిన, 1821లో పేటెంట్ అయిన యాక్షన్ వల్ల గ్రాండ్‌లో కీ పూర్తిగా పైకి రాకముందే అదే స్వరాన్ని మళ్ళీ పలికించవచ్చు. నిలువు పియానోలో కీ దాదాపు మొత్తం పైకి రావాలి. ఎడమ పెడల్ కూడా వేరుగా పనిచేస్తుంది. నిలువు దాంట్లో అది హామర్లను తీగలకు దగ్గరగా జరుపుతుంది, గ్రాండ్‌లో కీబోర్డునే పక్కకు జరుపుతుంది. ఇంటి పియానో మీద అద్భుతంగా వాయించే పిల్లలు ఆడిషన్‌లో మొదటి రెండు నిమిషాలు తడబడటానికి కారణం చాలాసార్లు ఇదే. చేతులు కొత్త చోటికి వచ్చాయి. మీ అమ్మాయికి నెలకు రెండుమూడు గంటలైనా గ్రాండ్ దొరికేలా చూడండి. సంగీత పాఠశాలలో ఖాళీ గది, టీచర్ ఇల్లు, గంటలెక్కన అద్దెకిచ్చే చోటు, ఎక్కడైనా ఫర్వాలేదు. ఆడిషన్‌కి ముందు ఆరు నెలలు దాన్ని వారానికి ఒకసారి చేయండి.

బీ3 కోసం అప్పు చేయాలా అన్నదానికి నా జవాబు ఇక్కడుంది. ఆ అప్పు తీర్చడానికి ఈ రెండు ఖర్చులు ఆపాల్సి వస్తే చేయొద్దు. అవి పక్కన పెట్టాక కూడా వాయిదాలు హాయిగా కట్టగలిగితే బీ3 తీసుకోండి. 113 సెంటీమీటర్ల పియానో, క్రమం తప్పని శ్రుతి, ఏడాదిలో ముప్పై గంటల గ్రాండ్ సాధన ఉన్న అమ్మాయి, శ్రుతి తప్పిన 121 మీద ఒక్కతే కూర్చునే అమ్మాయి కంటే మెరుగ్గా తయారవుతుంది. ఇందులో నాకు సందేహం లేదు.

డిజిటల్ పియానోని అమ్మకండి. రాత్రి పదింటికి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని సాధన చేయడానికి పనికొస్తుంది. నిలువు పియానోల్లో చాలావాటికి మధ్య పెడల్ నొక్కితే హామర్లకూ తీగలకూ మధ్య ఫెల్ట్ గుడ్డ దిగి శబ్దం తగ్గుతుంది. కానీ అలా వాయిస్తే మెత్తగా, గట్టిగా అన్న తేడా చేతికి తెలియదు. స్వరాలు కంఠస్థం చేసేటప్పుడు చాలు, రోజూ అలవాటు చేయొద్దు.

మీరు అడగకపోయినా ఒక మాట. పియానో చదివిన వాళ్ళలో కచేరీలతోనే బతికేవాళ్ళు కొద్దిమంది. ఎక్కువమంది పాఠాలు చెప్తారు, గాయకులకు, వయొలిన్ వాళ్ళకు, నృత్య తరగతులకు పక్కవాద్యం వాయిస్తారు, కొందరు స్టూడియోలకు వెళ్తారు, కొందరు ట్యూనర్లవుతారు. పక్కవాద్యం పని దొరకాలంటే కొత్త నోట్స్ చూసి అప్పటికప్పుడు వాయించగలగాలి. కొత్త పియానో వచ్చిన రోజు నుంచి రోజూ పదిహేను నిమిషాలు ఇంతకుముందు చూడని పేజీ ఒకటి వాయించే అలవాటు చేయండి. ఆడిషన్‌లో కూడా అది చాలాచోట్ల అడుగుతారు. ఇక్కడ తడబడి వెనక్కి వచ్చిన మంచి విద్యార్థులను చూశాను.

పియానో ఇంటికొచ్చాక ఎండపడే కిటికీ పక్కన, ఏసీ గాలి నేరుగా తగిలే చోట పెట్టకండి. గదిలో తేమ 40 నుంచి 60 శాతం మధ్య నిలకడగా ఉంటే సౌండ్‌బోర్డ్ చెక్క స్థిమితంగా ఉంటుంది. రెండు వందల కిలోలకు అటూ ఇటూ ఉండే వస్తువు, మళ్ళీ మళ్ళీ జరపలేరు, చోటు ముందే అనుకోండి. వచ్చిన రోజే ట్యూనర్‌ని పిలవకండి, రెండు మూడు వారాలు ఆ గదికి అలవాటు పడనివ్వండి. ఈలోగా కాస్త శ్రుతి తప్పినట్టు వినిపిస్తే పియానో పాడైందని కంగారు పడొద్దని మీ అమ్మాయికి ముందే చెప్పి ఉంచండి.