‘ఏం కాదులే’ని ఇంగ్లిష్‌లో ఎలా చెప్పాలి?

ప్రశ్న: మాది ఖమ్మం. బీఎస్సీ నర్సింగ్ చేసి రెండేళ్ళుగా హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. యూకే వెళ్దామని ఓఈటీకి (నర్సులు, డాక్టర్లలాంటి వాళ్ళు రాసే ఇంగ్లిష్ పరీక్ష) ప్రిపేర్ అవుతున్నా. మొన్న మాక్ టెస్టులో, ఆపరేషన్‌కి భయపడుతున్న పేషెంటుకి ధైర్యం చెప్పమంటే ‘డోంట్ ఫియర్ మేడమ్, నథింగ్ విల్ హ్యాపెన్’ అన్నాను. ట్రైనర్ మార్కులు బాగా కోసేశారు. ధైర్యం, కాన్ఫిడెన్స్ ఇవ్వడానికి వాడే 60 ఇంగ్లిష్ పదాల పీడీఎఫ్ వాట్సాప్‌లో వచ్చింది. అవి బట్టీ పడితే సరిపోతుందా?

జవాబు: ముందు ఆ పీడీఎఫ్ పక్కన పెట్టండమ్మా. మీకు తక్కువైంది పదాలు కాదు.

మనం ‘ఏం కాదులే అమ్మా’ అంటే ఆ రెండు ముక్కల్లోనే సగం భయం పోతుంది, ఎందుకంటే ఆ మాటతో పాటు మన గొంతు, చెయ్యి, మంచం పక్కన నిలబడిన తీరు అన్నీ కలిసి వెళ్తాయి. దాన్నే ముక్కకి ముక్క ఇంగ్లిష్‌లో పెట్టేసరికి ‘నథింగ్ విల్ హ్యాపెన్’ అయింది, అంటే వాళ్ళ చెవికి ‘ఏమీ జరగదు’ అనే వినిపిస్తుంది. ఆపరేషన్‌కి సంతకం పెట్టి వచ్చిన మనిషి ఏదో ఒకటి జరగాలనే కదా వచ్చింది! పోనీ అర్థం సరిగ్గానే చేరిందనుకుందాం, అప్పుడు ఇంకో చిక్కు. ఆపరేషన్‌లో ఏమీ కాదని డాక్టరే గ్యారంటీ ఇవ్వలేడు, నర్సు ఎలా ఇస్తుంది? అక్కడ దీన్ని ఉత్తుత్తి భరోసా కిందే లెక్కేస్తారు. ‘డోంట్ ఫియర్’ సంగతి సరే సరి, ఇప్పుడు మామూలుగా మాట్లాడుకునేటప్పుడు ఎవరూ అలా అనరు.

మన ‘ధైర్యం చెప్పడం’ ఒక్కటే మాట. ఇంగ్లిష్‌లో అది ఎదుటి మనిషి ఎక్కడ ఆగిపోయాడన్నదాన్ని బట్టి చీలిపోతుంది. భయపడుతుంటే ఆ భయం తగ్గించడం రీఅష్యూర్. భయం ఉన్నా లేకపోయినా ఒక పని చెయ్యమని వెన్ను తట్టడం ఎంకరేజ్. మోకాలి ఆపరేషన్ అయిన పెద్దాయన ‘నా కాలు మళ్ళీ పనిచేస్తుందా’ అని అడిగితే కావాల్సింది మొదటిది, ఫిజియో వచ్చాక మంచం దిగనని మొండికేస్తే కావాల్సింది రెండోది. ఎంకరేజ్‌లో దాక్కున్న ‘కర్’ లాటిన్‌లో గుండెకి ఉన్న పేరు నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది, మనం గుండె నిబ్బరం అంటామే, అదే వరస. పరీక్షకి దీనితో పని లేదనుకోండి, గుర్తుండటానికి చెప్పాను.

మిగతా పదాల జోలికి వెళ్ళేటప్పుడు కాస్త జాగ్రత్త. ఎంబోల్డెన్ అనేదాన్ని వార్తల్లో ఎక్కువగా శత్రువుకో దొంగలకో ధైర్యం వచ్చిందన్న చోటే చూస్తాం, పేషెంటుకి వాడితే అతకదు. ఎగ్ ఆన్ అంటే ఎగదోయడం, ఉసిగొల్పడం (కోడిగుడ్డుతో దానికే సంబంధమూ లేదు). డచ్ కరేజ్ అయితే మందు కొడితే వచ్చే ధైర్యం. ఈ మూడూ సాధారణంగా ఇలాంటి లిస్టుల్లో ఎంకరేజ్ పక్కనే ‘సేమ్ మీనింగ్’ అని కూర్చుంటాయి. ఇక మన వాళ్ళందరం చేసే తప్పు, ‘హీ హ్యాజ్ డేర్’. మనకి డేర్ అంటే ధైర్యం, వాళ్ళకి సాహసించడం, లేదా ‘దమ్ముంటే చెయ్యి’ అని సవాలు విసరడం. ‘ఐ గేవ్ హర్ డేర్’ అని మాత్రం ఎక్కడా అనకండి.

ఇప్పుడు మీ టెస్టు. ఓఈటీ స్పీకింగ్‌లో రెండు రోల్‌ప్లేలు (మీరు నర్సుగా, ఎదుటివాళ్ళు పేషెంటుగా మాట్లాడటం), ఒక్కోటి ఐదు నిమిషాలు, ముందు కార్డు చదువుకోవడానికి రెండు మూడు నిమిషాలు ఇస్తారు. ఆ కార్డు మీద ‘రీఅష్యూర్ ద పేషెంట్’ అని ఉంటే అది మీరు పలకాల్సిన డైలాగ్ కాదు, చెయ్యాల్సిన పని. చాలామంది పిల్లలు ‘ఐ రీఅష్యూర్ యూ మేడమ్’ అనేసి ఆ పాయింటు అయిపోయిందనుకుంటారు. మార్కులు భాషకి ఒక్కదానికే ఉండవు, పేషెంటుతో ఎలా కలిశారు, ఆవిడ వైపు నుంచి ఆలోచించారా అన్నవాటికి కూడా విడిగా ఉంటాయి. మీ ట్రైనర్ కోసింది అక్కడే అయ్యుంటుంది.

మా అమ్మకి కంటిశుక్లం ఆపరేషన్ అయినప్పుడు నేను పక్కనే ఉన్నాను. కన్ను పోతుందేమోనని రాత్రంతా గొణుగుతూనే ఉంది, నేను పదిసార్లు ‘ఏం కాదే’ అన్నా వినలేదు. నైట్ డ్యూటీ నర్సమ్మ వచ్చి మణికట్టు పట్టుకుని ‘దేనికమ్మా భయం, కనపడదనా, నొప్పనా?’ అని అడిగింది. మా అమ్మ కాసేపాగి, ‘కట్టు విప్పేటప్పుడు నొప్పి’ అంది. ఇంతసేపూ నేను కన్ను గురించి చెబుతున్నాను! ‘పొద్దున మీ కాఫీ టైముకి నేనే విప్పుతాను, ప్లాస్టర్ లాగేటప్పుడు చర్మం కాస్త చుర్రుమంటుంది, అంతే’ అందా అమ్మాయి. పది నిమిషాల్లో నిద్రపోయింది మా అమ్మ.

ఆ అమ్మాయి చేసిందే మీరు ఇంగ్లిష్‌లో చెయ్యాలి. ముందు భయాన్ని ఒప్పుకోండి: ‘ఐ కెన్ సీ యూ ఆర్ వరీడ్, అండ్ దట్స్ కంప్లీట్లీ అండర్‌స్టాండబుల్’. తర్వాత అడగండి: ‘వాట్ వరీస్ యూ మోస్ట్?’ అడిగి ఆగండి, జవాబు పూర్తిగా విన్నాక, ఆ భయానికి సంబంధించి మీకు కచ్చితంగా తెలిసిన ఒక్క విషయం చెప్పండి, పక్కన ఎవరుంటారో, నొప్పికి ఏం ఇస్తారో, ఎప్పుడు లేచి కూర్చోవచ్చో, కార్డులో ఉన్నదాన్ని బట్టి. లేవనని మొండికేసే పేషెంటైతే ‘యూ ఆర్ డూయింగ్ రియల్లీ వెల్’, ‘టేక్ యువర్ టైమ్’ లాంటి చిన్న మాటలు చాలు.

రైటింగ్‌లో మాత్రం రీఅష్యూర్, ఎంకరేజ్ రెండు పదాలూ పేరుపెట్టి వాడొచ్చు, లెటర్లలో తరచూ వస్తాయి. అక్కడ గ్రామర్ చూసుకోండి. ‘ఎంకరేజ్డ్ ఫర్ వాకింగ్’ తప్పు, ‘ఎంకరేజ్డ్ టు వాక్’ అనాలి. రీఅష్యూర్ తర్వాత ముందు ఎవరికన్నది చెప్పి (‘రీఅష్యూర్ హర్’), ఆపైన ‘దట్’ గానీ ‘అబౌట్’ గానీ వస్తుంది. యూకే ఎన్ఎంసీకి (అక్కడ నర్సులని రిజిస్టర్ చేసే సంస్థ) లిజనింగ్, రీడింగ్, స్పీకింగ్‌లలో 350 కావాలి, రైటింగ్‌కి 300 చాలు. ఫీజు కట్టే ముందు వాళ్ళ వెబ్‌సైటులో ఒకసారి సరిచూసుకోండి, ఇలాంటి రూల్స్ మారుతుంటాయి.

కోచింగ్ మార్చాలా అని ఆలోచిస్తున్నారేమో, అవసరం లేదు, మార్కులు కోసిన ట్రైనర్ మంచి ట్రైనరే. ఈ వారం డ్యూటీలో పేషెంట్లతో తెలుగులోనే ‘ఏం కాదు’ అనకుండా ‘దేనికి భయం?’ అని అడిగి చూడండి. వాళ్ళు చెప్పిన జవాబులు చిన్న నోట్‌బుక్‌లో రాసుకుని, పేర్లు మాత్రం రాయకుండా, ఇంటికొచ్చాక వాటికి మీరైతే ఇంగ్లిష్‌లో ఏమంటారో ఫోన్‌లో రికార్డ్ చేసుకోండి. అలా ఓ ఇరవై అయ్యాక ఇంకో మాక్ రాయండి.