రైతు భరోసా పడుతోంది, పీఎం కిసాన్ ఎందుకు ఆగింది?

మీ నాన్నగారికి రైతు భరోసా వస్తోంది, పీఎం కిసాన్ మాత్రం ఆగింది, ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి) బ్యాంకుకు పొమ్మంటే బ్యాంకువాళ్లు తిరిగి ఏఈఓ దగ్గరికే పొమ్మంటున్నారని రాశారు. మా ఇంట్లోనూ అచ్చం ఇదే జరిగింది.

ఈ రెండూ వచ్చే దారులు వేరు. రైతు భరోసా తెలంగాణ రాష్ట్రానిది. పాసుపుస్తకంలో ఉన్న సాగు భూమికి ఎకరానికి సీజన్‌కు రూ.6,000 చొప్పున, మనం రాయించుకున్న ఖాతాలో పడుతుంది. పీఎం కిసాన్ కేంద్రానిది. ఎన్ని ఎకరాలున్నా కుటుంబానికి ఏడాదికి రూ.6,000, మూడు విడతల్లో. అది ఆధార్‌ను బట్టి వస్తుంది. ఆధార్ చివరగా ఏ బ్యాంకుతో లింక్ అయితే అక్కడికే పోతుంది. చాలామందికి తెలియనిది ఇదే.

మా నాన్న బంగారం మీద లోన్ కోసం టౌన్‌లో ఒక బ్యాంకులో ఖాతా తెరిచాడు. వాళ్లు ఆధార్ తీసుకుని సబ్సిడీలన్నీ అక్కడికే వచ్చేలా లింక్ చేసేశారు, అడిగింది లేదు, చెప్పింది లేదు. ఊళ్లో ఖాతా చూసుకుంటూ గవర్నమెంటే ఆపేసిందని మేం తిట్టుకుంటున్నాం. చివరికి ఆ టౌన్ పాస్‌బుక్ ప్రింట్ చేయిస్తే వరుసగా రెండు వేలు, రెండు వేలు, మధ్యలో మినిమం బ్యాలెన్స్ లేదని కోతలు!

కాబట్టి ముందు మైఆధార్ సైట్‌లో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ (ఆధార్ ఏ బ్యాంకుకు లింక్ అయిందో) చూడండి, బ్యాంకు పేరు కనిపిస్తుంది. మార్చాలంటే డబ్బు కావాల్సిన బ్యాంకులోనే ఎన్‌పీసీఐ ఫారం (సబ్సిడీలు ఈ ఖాతాకే వచ్చేలా ఆధార్ లింక్ చేయమని ఇచ్చేది) అడగండి. ‘ఆధార్ లింక్ ఉందా’ అని మాత్రం అడగొద్దు, ఉందనేసి పంపించేస్తారు. ‘డీబీటీకి మ్యాప్ అయిందా’, అంటే గవర్నమెంట్ డబ్బు నేరుగా ఈ ఖాతాకే వచ్చేలా ఉందా, అని అడగండి.

అక్కడంతా సరిగానే ఉంటే పీఎం కిసాన్ సైట్‌లో స్టేటస్ తీయండి. ఈకేవైసీ (ఆధార్‌తో మనిషిని నిర్ధారించడం), ల్యాండ్ సీడింగ్ (భూమి రికార్డు జత కావడం), ఆధార్ సీడింగ్ (బ్యాంకు ఖాతాకు ఆధార్ జత కావడం), మూడింటికీ ‘యెస్’ ఉండాలి. ల్యాండ్ సీడింగ్ ‘నో’ అయితేనే అది ఏఈఓ పని. ఈకేవైసీ దగ్గర పెద్దవాళ్లకు వేలిముద్రలతో తంటా. నాన్న వేళ్లు అరిగిపోయి ఉన్నాయి, గుడ్డతో తుడిచి పెట్టినా మెషీన్ తీసుకోలేదు. పీఎం కిసాన్ యాప్‌లో ముఖం చూపించే పద్ధతి ఉంది. వెలుతురులో కూర్చోబెట్టి, కళ్లు ఆర్పమంటే ఆర్పాడు, అయిపోయింది.

ఇంకోటి. 2019 ఫిబ్రవరి 1 తర్వాత కొన్న భూమికి పీఎం కిసాన్ రాదు. వారసత్వంగా వస్తే మాత్రం వస్తుంది. ఊళ్లో కొందరికి ఒకటి వచ్చి ఇంకోటి రాకపోవడానికి ఇదీ ఒక కారణం. హైదరాబాద్‌లో కొడుకు ఇన్‌కమ్ ట్యాక్స్ కడితే తండ్రికి ఆగిపోతుందన్నది ఉత్త పుకారు. ఈ పథకంలో కుటుంబమంటే భార్యాభర్తలు, మైనర్ పిల్లలు. వాళ్లలో ఎవరైనా పన్ను కట్టినా, పది వేలూ ఆ పైన పెన్షన్ తీసుకుంటున్నా తీసేస్తారు (నాలుగో తరగతి ఉద్యోగం చేసినవాళ్లకు ఆ పెన్షన్ నిబంధన లేదు).

స్టేటస్‌లో ఏది ‘నో’ చూపించిందో ఇక్కడ రాయండి, చూసి చెప్తాను. ఆధార్ నంబరు మాత్రం పెట్టకండి.