రేడియోగ్రాఫర్ల పని జనానికి తెలియాలంటే సంఘం సభ్యులుగా మనం ఏం చేయగలం?

రేడియోగ్రాఫర్ల సంఘంలో, అంటే ఎక్స్‌రేలు, స్కాన్లు తీసేవాళ్ల సంఘంలో చేరి రెండేళ్లయిందనీ, ఏటా ప్రపంచ రేడియోగ్రఫీ దినోత్సవం జరుపుతున్నా బయటివాళ్లు మిమ్మల్ని ఇంకా “బటన్ నొక్కే మనిషి”గానే చూస్తున్నారనీ, మామూలు సభ్యులుగా మీ చేతుల్లో ఏముందనీ అడిగారు. నేను ఈ పనిలోకి వచ్చి పంతొమ్మిదేళ్లు. అందులో ఆరేళ్లు మా సంఘంలో ప్రచారం బాధ్యత చూశాను. చేసి చెడగొట్టుకున్నవీ ఉన్నాయి, పనికొచ్చినవీ ఉన్నాయి. కాస్త పొడుగైనా రెండూ రాస్తాను.

ముందు మేం ఎక్కడ దారి తప్పామో చెబుతాను. జర్మన్ శాస్త్రవేత్త రాంట్‌జన్ ఎక్స్ కిరణాలను కనుక్కున్నది 1895 నవంబర్ 8న. అందుకే మన దినోత్సవం కూడా ఆ రోజే. మొదటి మూడేళ్లు ఆ రోజున మేం ఒక హాలు తీసుకుని, బ్యానర్ కట్టి, ప్రసంగాలు పెట్టుకున్నాం. “వైద్యానికి మేమే కళ్లు” అని ఒకరు, “మేం లేనిదే రోగ నిర్ధారణ లేదు” అని ఇంకొకరు మాట్లాడారు. చప్పట్లు బాగానే పడ్డాయి. కానీ హాల్లో ఉన్నవాళ్లంతా రేడియోగ్రాఫర్లే. మూడో ఏడు కార్యక్రమం ఒక ఆసుపత్రిలోనే పెట్టుకున్నాం. నేను మధ్యలో బయటికి వస్తే, బెంచీ మీద కూర్చున్న ఒక పెద్దాయన చేతిలో చీటీ పట్టుకుని, “లోపల ఏం జరుగుతోందమ్మా, నా నంబరు ఎప్పుడు పిలుస్తారు?” అని అడిగారు. మా గురించి ఎవరికి తెలియాలని ఇంత హడావుడి చేస్తున్నామో, ఆయన తలుపు బయటే ఉండిపోయారు. ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తే.

ఆ తర్వాత మా సీనియర్ ఒకావిడ ఇచ్చిన సలహా అన్నింటినీ మార్చేసింది. “ఒక నెల రోజులు మనం ఏమీ చెప్పొద్దు. వాళ్లు ఏం అడుగుతున్నారో రాద్దాం” అన్నారు. సభ్యులందరం తలా ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకున్నాం. రోగి పేరు, ఊరు ఏవీ రాయకూడదు. అడిగిన ప్రశ్న మాత్రం వాళ్ల మాటల్లోనే ఉన్నదున్నట్టు రాయాలి. నెలాఖరుకి అన్నీ ఒకచోట పోసి చదివాం. “ఇన్నిసార్లు తీస్తే ఏమీ కాదా?” “మీరందరూ అద్దం వెనక్కి వెళ్లిపోతారు, నన్ను మాత్రం ఇక్కడ ఉంచుతారేం?” “ఎమ్మారైలో రేడియేషన్ ఎంత ఉంటుంది?” “రిపోర్టు మీరే చెప్పేయొచ్చుగా?” “పోయినసారి యాప్రాన్ (కిరణాలను ఆపే సీసం కవచం) ఇచ్చారు, ఈసారి ఇవ్వలేదేం?” తిప్పితిప్పి ఇవే. మీరు ఏం చదివారు, ఎన్నేళ్లు చదివారు అని ఒక్కరూ అడగలేదు. మేం మూడేళ్లుగా ప్రసంగాల్లో చెబుతున్నదేమో అదే.

నా అభిప్రాయం ఏమిటంటే, వృత్తి గురించి చెప్పుకుంటే గుర్తింపు రాదు. జనానికి ఇప్పటికే ఉన్న భయానికి, అనుమానానికి జవాబు మన దగ్గర దొరికితే వస్తుంది. ఆ జవాబు ఒక్కరు చెబితే ఆ ఒక్కరికే మంచి పేరు. సభ్యులందరం ఒకే మాట చెబితే వృత్తికి పేరు. సంఘం అవసరం అక్కడే.

ఆ అద్దం ప్రశ్ననే తీసుకోండి. ఒకసారి నాలుగేళ్ల బాబును ఎత్తుకుని ఒక తల్లి వచ్చింది. బాబు ముంజేయి వాచి ఉంది. నేను పొజిషన్ సరిచేసి వెనక్కి నడుస్తుంటే ఆమె ఉన్నట్టుండి, “మీకు భయం ఉన్నది మా వాడికి మంచిదెలా అవుతుంది?” అంది. కోపం కాదు, గొంతు వణుకుతోంది. అంతకుముందైతే “ఏం కాదమ్మా, కంగారు పడకండి” అనేసి పని కానిచ్చేదాన్ని. ఆ రోజు ఆగాను. “మీ బాబుకు ఇది ఒకటి రెండు సార్లు. నేను రోజుకు యాభై మందికి తీస్తాను, ఏడాది పొడుగునా తీస్తాను. ప్రతిసారీ ఇక్కడే నిలబడితే నాకు అది కూడుతూ పోతుంది, పైగా నాకు దానివల్ల వచ్చే లాభమేమీ లేదు. బాబుకు ఎముక విరిగిందో లేదో తెలుస్తుంది” అన్నాను. తర్వాత లైటు వేసి, ఆ వెలుతురు చేతి మీద ఎంత మేర పడుతోందో చూపించి, “కిరణాలు ఈ గీత లోపలే పడతాయి, మిగతా ఒంటికి పడకుండా ఇంత చిన్నదిగా చేశాను” అన్నాను. ఆమె ఆ వెలుతురు చతురస్రాన్ని చూసింది. బాబు చెయ్యి కదలకుండా తనే పట్టుకుంటానంది. మేం ఆమెకు యాప్రాన్ వేసి పక్కన నిలబెట్టాం. మొత్తం నిమిషంన్నర పట్టి ఉంటుంది. వెళ్లేటప్పుడు “మీ పేరేంటి మేడం?” అని అడిగింది. ఆ ప్రశ్న నన్ను అంతకుముందు ఏ రోగీ అడగలేదు.

అంకెలు కూడా దగ్గర పెట్టుకోండి, అడిగితే చెప్పాలి. నేల నుంచి, గాలి నుంచి, ఆకాశం నుంచి మనిషికి ఏడాదికి సహజంగా అందే రేడియేషన్ ప్రపంచ సగటున సుమారు 2.4 మిల్లీసీవర్టులు (ఒంటికి అందే రేడియేషన్‌ను కొలిచే ప్రమాణం ఇది). ఒక ఛాతీ ఎక్స్‌రేకు 0.1 మిల్లీసీవర్టు గానీ, ఇంకా తక్కువ గానీ. అంటే కొన్ని రోజుల సహజ రేడియేషన్‌తో సమానం. కానీ ఇదే మాట సీటీకి (ఎక్స్‌రేలతోనే ఒంటిని పొరలు పొరలుగా చూపే స్కాన్) చెప్పకండి. కడుపు సీటీ అంటే కొన్ని మిల్లీసీవర్టులు ఉంటుంది. “అన్నీ ఒకటే, ఏం కాదు” అని ఒకసారి అంటే, తర్వాత నిజం తెలిసిన రోజున మన మిగతా మాటలు కూడా నమ్మరు. ఎమ్మారైలో అయనీకరణ రేడియేషన్, అంటే ఎక్స్‌రేల్లాంటి రేడియేషన్ అసలే లేదు, అక్కడి ప్రమాదం అయస్కాంతం వల్ల అని చెబితే చాలామంది ఆశ్చర్యపోతారు. ఒంట్లో లోహపు ముక్కలూ పేస్‌మేకర్లూ ఉన్నాయా అని మనం అన్నిసార్లు ఎందుకు అడుగుతామో అప్పుడు అర్థమవుతుంది.

యాప్రాన్ సంగతి దగ్గరే మాకు పెద్ద దెబ్బ తగిలింది. ఒక చోట రోగి నడుముకు సీసం కవచం కట్టేవారు, ఇంకో చోట మానేశారు. రెండు చోట్లా తీయించుకున్న ఒకావిడ, రెండో చోట తనను నిర్లక్ష్యం చేశారని ఫిర్యాదు చేసింది. ఆమె తప్పేమీ లేదు. మానేయడానికి కారణం ఉంది: 2019లో అమెరికాలోని వైద్య భౌతిక శాస్త్రజ్ఞుల సంఘం ఆ కవచాలు రోజువారీగా వాడటం ఆపాలని సూచించింది. కవచం చూడాల్సిన భాగాన్ని కప్పేస్తే మళ్లీ తీయాల్సి వస్తుంది. మోతాదును సెన్సర్ తనే నిర్ణయించే యంత్రాల్లో కవచం అడ్డొస్తే మోతాదు పెరగొచ్చు కూడా. ఒంటి లోపల చెదిరే కిరణాలను పైన కట్టిన కవచం ఆపలేదు. ఇవన్నీ మనకు తెలుసు, ఆమెకు ఎవరూ చెప్పలేదు. అప్పుడు సంఘంలో కూర్చుని ఒక పేజీ రాశాం. మామూలు మాటల్లో, పెద్ద అక్షరాల్లో, ఎవరు అడిగినా ఒకే జవాబు. రాయడానికి నాలుగు సమావేశాలు పట్టింది, ఎందుకంటే మాలోనే ఏకాభిప్రాయం లేదు. కానీ ఆరేళ్లలో సంఘం చేసిన అన్ని పనుల్లో నాకు ఇష్టమైంది అదే. నిరీక్షణ గదుల్లో ఆ కాగితం అంటించాక, “ఇది మీ సంఘం రాసిందా?” అని డాక్టర్లు కూడా వచ్చి అడిగారు.

పెద్ద స్థాయిలో కూడా ఇదే దారి. 2008లో అమెరికాలో పిల్లల రేడియాలజీ సంఘం, రేడియాలజిస్టుల (ఈ చిత్రాలు చదివే డాక్టర్ల) సంఘం, వైద్య భౌతిక శాస్త్రజ్ఞుల సంఘం, రేడియోగ్రాఫర్ల సంఘం కలిసి ‘ఇమేజ్ జెంట్లీ’ అని ఒక ఉద్యమం మొదలుపెట్టాయి. పిల్లలకు సీటీ తీసేటప్పుడు పెద్దల మోతాదు వాడొద్దు, పిల్లల సైజుకు తగ్గించండి అన్నది దాని సారం. అందులో ఎక్కడా మా వృత్తి గొప్పది అని లేదు. తల్లిదండ్రులు ఏం అడగాలో నేర్పారు. డాక్టర్ల సంఘాల పక్కన సమానంగా రేడియోగ్రాఫర్ల పేరు కనిపించింది. పేరు ఆ పని వెంట వచ్చింది.

సంఘం తీర్మానం అక్కర్లేకుండా రేపటి నుంచే చేయగలిగింది ఒకటుంది: పేరు చెప్పడం. బ్రిటన్‌లో కేట్ గ్రేంజర్ అనే డాక్టర్ తనే క్యాన్సర్ రోగిగా ఆసుపత్రిలో ఉన్నప్పుడు, వచ్చిపోయేవాళ్లు ఎవరో చెప్పడం లేదని గమనించి 2013లో “హలో, నా పేరు...” అనే ప్రచారం మొదలుపెట్టారు. ఆవిడ 2016లో కన్నుమూశారు గానీ ఆ అలవాటు ఆగలేదు. మా సభ్యులందరం “నమస్కారం, నా పేరు ఫలానా, నేను రేడియోగ్రాఫర్‌ని, ఇవాళ మీకు స్కాన్ చేసేది నేనే” అనే ఒక్క వాక్యం పెట్టుకున్నాం. మొదట్లో సిగ్గుగా ఉంటుంది, రద్దీ రోజుల్లో మర్చిపోతాం కూడా. కానీ “రేడియోగ్రాఫర్” అన్న మాట రోగి చెవిన పడేది ఆ క్షణంలోనే. రిపోర్టు గురించి అడిగితే, “మంచి చిత్రం తీయడం నా పని, దాన్ని చదివి చెప్పేది రేడియాలజిస్టు గారు” అని చెబితే రెండు వృత్తులూ ఒకేసారి అర్థమవుతాయి. 2012 నుంచి రేడియాలజిస్టులు కూడా నవంబర్ 8నే తమ దినోత్సవం జరుపుతున్నారు కాబట్టి, పోటీ పడకుండా కలిసి చేసుకోండి. మేం కలిశాక హాలు ఖర్చు తగ్గింది, వచ్చే జనం పెరిగారు.

పత్రికల గురించి కూడా ఒక మాట. “రేడియోగ్రాఫర్ల సేవలు అమూల్యం” అని మేం పంపిన ప్రకటనలు ఎవరూ వేయలేదు. “మీ బిడ్డకు సీటీ రాశారా? అడగాల్సిన ప్రశ్నలు ఇవి” అని పంపింది వేశారు, కింద సంఘం పేరుతో సహా. విలేకరికి చదివేవాళ్ల అవసరం ముఖ్యం.

బడుల్లో చేసిన కార్యక్రమం నాకు బాగా నచ్చింది. పాడైన అలారం గడియారం, తాళం, గవ్వ, బొమ్మ, ఇలాంటి వస్తువుల ఎక్స్‌రేలు విభాగం అనుమతితో, యంత్రం ఖాళీగా ఉన్నప్పుడు తీసి, పిల్లలకు చూపించి ఇదేమిటో చెప్పమన్నాం. గవ్వ లోపలి మెలిక చూసి ఒక పిల్ల లేచి నిలబడింది. ఆ తర్వాత ఏం చెప్పినా వింటారు. రాంట్‌జన్ తన భార్య చేతిని తీసిన చిత్రం చూపిస్తాం, ఉంగరం ఎముక మీద తేలుతూ కనిపిస్తుంది. హాంబర్గ్‌లో ఒక ఆసుపత్రి ఆవరణలో 1936లో పెట్టిన రాతి స్మారకం గురించి కూడా చెబుతాం. దాని మీద ఎక్స్‌రేలతో, రేడియంతో పనిచేసి ప్రాణాలు పోగొట్టుకున్న 169 మంది పేర్లు చెక్కారు, తర్వాత ఇంకా చేర్చారు. మనం అద్దం వెనక ఎందుకు నిలబడతామో పిల్లలకు వేరే వివరణ అక్కర్లేదు.

ఒక హెచ్చరిక. మా సభ్యుడొకరు ఉత్సాహంగా ఒక అరుదైన ఫ్రాక్చర్ ఎక్స్‌రేను సోషల్ మీడియాలో పెట్టాడు. మూలన రోగి పేరు అలాగే ఉంది. రెండు గంటల్లో తీయించాం, క్షమాపణ చెప్పాం, అయినా ఆ కుటుంబం పడ్డ బాధ పోలేదు. అప్పటి నుంచి మా నియమం: పేరున్నా లేకపోయినా రోగి చిత్రం ఏదీ ప్రచారానికి వాడకూడదు. వస్తువుల ఎక్స్‌రేలు మొదలైంది కూడా అందుకే.

మీరు కొత్త సభ్యులు కాబట్టి కమిటీ ఒప్పుకునే దాకా ఆగక్కర్లేదు. నలుగురు కలిసి నోటుబుక్కు మొదలుపెట్టండి. నెల తర్వాత ఆ ప్రశ్నలతో కమిటీ ముందుకు వెళ్లండి. మా దగ్గర ముందు ససేమిరా అన్న కార్యదర్శి గారు, ఆ పేజీలు చదివాక ఇంకో రెండు ప్రశ్నలు తనే కలిపారు. మీకు వచ్చే ప్రశ్నలు మావాటికంటే వేరేగా ఉంటే ఇక్కడ రాయండి, మా వాళ్లకు కూడా చూపిస్తాను.